ఉనికీ, నేరమూ

ఒకటి ఒకచోట వున్నదని తేలినంతమాత్రాన, అక్కడ జరిగిన పనికి అదే కారణమని తీర్పు చెప్పవచ్చునా? మన న్యాయబుద్ధికి పునాది వంటి యీ ప్రశ్న జీవశాస్త్ర ప్రయోగశాలలోనూ తలెత్తింది.

చర్మానికీ, ఎముకకీ, కీళ్లకీ బలమిచ్చే ప్రొటీను కొల్లాజెన్. అది మూడుపేటల తాడు వంటిదని 1954లో మద్రాసులో జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. ఆ తాడును తెంచే ఎంజైమును 1962లో గ్రాస్, లాపియేర్ తోకకప్ప కణజాలంలో కనుగొన్నారు. తోక కరగనిదే కప్ప లేదు. ఆ కుటుంబపు ఎంజైములే కీళ్లవాతంలో మృదులాస్థిని తినివేస్తాయి. కనుక వాటి మంచిచెడ్డలు పుట్టుకలో లేవు, సందర్భంలో వున్నాయి.

శుద్ధిచేసిన ఎంజైమును కుందేలుకో గొర్రెకో సూదిద్వారా ఎక్కిస్తే, దాని రక్తంలో ఆ ఎంజైమును పట్టుకునే ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, తయారవుతాయి. వాటికి మెరిసే రంగు తగిలించి పలుచని కణజాలపు పొరమీద పోస్తే, ఎంజైము ఎక్కడున్నదో సూక్ష్మదర్శినిలో కనబడుతుంది. పొరపాటుకు తావున్నదిక్కడే. జీవకణం యీ ఎంజైమును నిద్రాణరూపంలో విడుదల చేస్తుంది. మేల్కొన్నాక కూడా దానికి కళ్లెంవేసే నిరోధకాలుంటాయి. నిద్రాణమేదో, చురుకైనదేదో చాలా ప్రతిరక్షకాలు వేరుచేయలేవు. అవి ఉనికికి మాత్రమే సాక్షులు.

అందుచేత శాస్త్రజ్ఞులు తెగిన కొల్లాజెన్ కొసను మాత్రమే గుర్తించే ప్రతిరక్షకాలను తయారుచేశారు. అరిగిన కీళ్లలో అటువంటి తెగిన కొసలు హెచ్చుగా వున్నాయని 1997లో ఒక పరిశోధక బృందం చూపింది. 'ఎవరున్నారు?' అన్న ప్రశ్న 'ఏం జరిగింది?' అన్న ప్రశ్నగా మారింది.

యీ వివేకం మన సమాజానికి అబ్బిందా? హాలియా చుట్టుపక్కల పల్లెల్లో ఒకనాడు లందలో తోలు నానబెట్టి, తంగేడు చెక్కతో పదునుచేసిన మాదిగలు చేసిన పనేమిటి? కుళ్లిపోయే కొల్లాజెన్‌ను కుళ్లకుండా నిలిపారు. మోటకు తోలునూ, కాలికి చెప్పునూ ఇచ్చారు. ఊరు ఆ పనితనాన్ని వాడుకుంది గాని, చచ్చిన పశువు పక్కన వారున్నారన్నదాన్నే లెక్కలోకి తీసుకుంది. దానికి మైల అని పేరుపెట్టి పుట్టుకకు అంటగట్టింది. కుళ్లును ఆపినవారినే కుళ్లుకు బాధ్యులను చేసిన తీర్పు అది!

అణువుకు నీతి లేదు గనుక దానినుండి మనిషికి నీతి తేరాదని కొందరంటారు. నిజమే. మనం తెచ్చుకోవలసింది రుజువు పద్ధతిని. ప్రాణంలేని ఎంజైమును నిందించడానికే తెగిన కొసను చూపవలసి వుండగా, మనిషిని వెలివేయడానికి వాడి పుట్టుక చాలునంటే, అది తీర్పు కాదు, దౌర్జన్యం.