నందివర్ధనమునకు ఏ నీరు?

ప్రకాశం జిల్లా మెట్ట గ్రామములలో వేసవి వచ్చినచో బిందెడు నీటికి గృహిణి పడు శ్రమ అందరెరిగినదే. అట్టిచోట దేవతార్చనకై పెరటిలో పూలమొక్కను పెంచువారికి ఒక ధర్మసందేహము కలుగుచుండును. బియ్యము కడిగిన నీటితో పెరిగిన మొక్క పూవు స్వామికి తగునా? వాడిన నీరు కదా! ఇది చిన్న సందేహము కాదు. ఒకవైపు స్వామి కైంకర్యము, మరియొకవైపు ఇంటిల్లిపాది దాహము.

ముందు మొక్కను గూర్చి చెప్పుకొందము. గుంటూరు, ప్రకాశం ప్రాంతముల నల్లరేగడి ప్రత్తికి, మిరపకు పెట్టినది పేరు. కాని వానకు బురదయై వేళ్ళకు ఊపిరాడనీయదు. ఎండకు నెఱ్ఱెలు విచ్చును. అచ్చట గులాబీ నిత్యసేవ కోరును. నందివర్ధనము మన దేశపు మొక్క, ఓర్పు గలది. కొందరు దీనిని గరుడవర్ధన మనియు పిలుతురు. వైష్ణవ గృహములకు ఆ పేరు మరింత ఇంపు. తొలకరి తరువాత చిటికెనవ్రేలి లావు కొమ్మను జానెడు కోసి, కారు పాలు తుడిచి, ఇసుకయు మాగిన పశువుల ఎరువును కలిపిన మట్టిదిబ్బపై నాటవలెను. దిబ్బ ఎందుకనగా దీనికి నిలువనీరు పడదు. వేళ్ళు పట్టువరకు తడి ఆరనీయరాదు. నిలద్రొక్కుకొన్న పిదప కొద్ది నీటితోనే బ్రదుకును.

ఇక నీటి మాట. ఉచ్ఛిష్టమనగా తినగా మిగిలినది. బియ్యము కడిగిన నీరు వంటకు ముందటిది. దానిని ఎవరును ఎంగిలి చేయలేదు. పళ్ళెములు కడిగిన నీటిని మాత్రము దేవుని మొక్కకు పోయకుండుటయే నాకు సమ్మతము. సబ్బునీరు మొక్కకే మేలు చేయదు గనుక అక్కడ శాస్త్రచర్చ అక్కరలేదు. పేడ ఎరువుతో పెరిగిన తులసిని శిరసున ధరించుచున్నాము. బురదలో పుట్టిన తామరను పంకజమని పిలిచి మరీ శ్రీమహాలక్ష్మికి ఆసనముగా భావించుచున్నాము.

స్వామికి శ్రేష్ఠమైనదే ఈయవలెను, సులభముగా పూచు పూవు ఏపాటిది అని కొందరందురు. భగవద్రామానుజుల ఆజ్ఞచే తిరుమలలో పూదోట పెంచిన అనంతాళ్వారులు తోటకై చెరువును కూడ స్వయముగా త్రవ్విరని పెద్దలు చెప్పుదురు. ఒకరి కుండలోని నీరు ఆ తోటకు మళ్ళలేదు. భగవద్గీత తొమ్మిదవ అధ్యాయమున పత్ర పుష్ప ఫలములతోపాటు నీరు కూడ సమర్పణ ద్రవ్యముగా చెప్పబడినది. పిల్లవాని దాహము తీర్చవలసిన చెంబెడు మంచినీటిని గులాబీకి పోసి, ఆ గులాబీని స్వామి యెదుట ఉంచినచో, ఒక ద్రవ్యమును చెఱచి మరియొకటి ఇచ్చినట్లగును.

బియ్యము కడిగిన నీటిని పులియనీయక ఆ పూటనే పోయవలెను. మొదలుకు కొంచెము ఎడముగా పాదులో పోసి, పైన ఎండుటాకులు కప్పినచో తడి చాలసేపు నిలుచును. నడివేసవిలో పూలు తగ్గినను చింతింపవలదు. ఆ నాళ్ళకు తులసిదళము ఉండనే ఉన్నది.