ఖురరక్షణ ధర్మము

నరుని వీపుపై మోయుటకు తలవంచిన నాడే అశ్వము తన నాలుగు ఖురముల క్షేమమును నరుని చేతిలో పెట్టినది. ఈ ఋణము ఎవరికిని క్రొత్తగా బోధింపవలసినది కాదు. నకులుడు విరాటుని కొలువున అశ్వపాలకుడై లాయమున నిలిచినపుడు ఆ పనిని హీనముగా తలపలేదు. శాలిహోత్రుని పేర వెలసిన అశ్వవిద్యను మనుమంచిభట్టు హయలక్షణవిలాసమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. పెద్దలు ఎరిగి, ఆచరించి, మనకు అప్పగించిన దానినే మనము మరచితిమి.

ఈ మరపు నేటి నగరపు వీధులలో కనబడును. బెంగళూరునకు తూర్పున, కృష్ణరాజపురమునకును వైట్‌ఫీల్డునకును నడుమ హూడి యున్నది. ఒకనాటి పొలముల గ్రామము నేడు మెట్రో స్తంభముల క్రింద, కార్యాలయ సౌధముల నీడలో మసలుచున్నది. తెలుగు, కన్నడములు కలిసి వినవచ్చు అట్టి వీధులలో పెండ్లి ఊరేగింపునకు అశ్వము వచ్చినపుడు జనుల చూపు జలతారు జీనుమీదను, వరుని తలపాగామీదను నిలుచును. తారుపై మోపుటకు వెనుదీయు కాలిని చూచువారు అరుదు. పందెపు గుర్రమునకు వైద్యుడున్నాడు, లాడములు కొట్టు నేర్పరి యున్నాడు. అద్దెకు తిరుగు పెండ్లి గుర్రమునకు దాని యజమాని వివేకమే దిక్కు.

ఖురము అడుగున త్రికోణాకృతి గల మెత్తని భాగమున్నది. దాని ఇరుప్రక్కల గాళ్లలో పేడ, మూత్రము, బురద పేరుకొని గాలి చొరనప్పుడు, గాలి లేనిచోట వర్ధిల్లు సూక్ష్మజీవులు ఆ మెత్తని భాగమును కుళ్లజేయును. నల్లని ద్రవము కారును, దుర్గంధము పుట్టును. మురుగు పొంగు వానకాలమున ఈ వ్యాధి సులభముగా ప్రబలును. కుళ్లిన భాగమును నేర్పరి చేత తీయించి, గాళ్లను శుభ్రపరచి, వైద్యుడు చెప్పిన క్రిమినాశకమును పూయవలెను. అయినను నేల తడిగా నున్నంతకాలము ఏ లేపనమును నిలువదు. పొడిగడ్డి పరచిన నేలయే ఈ రోగమునకు సగము ఔషధము.

కట్టడముల చెంత రాలిన మేకు వలన కలుగు ఆపద ఇంతకంటె తీవ్రము. నిన్న చక్కగా నడిచిన అశ్వము నేడు కాలు మోపలేక నిలిచినచో, గిట్ట వేడెక్కి, పై కీలు వద్ద నాడి బలముగా కొట్టుకొనుచున్నచో, లోపల చీము పట్టెనని శంకింపవలెను. వైద్యుడు దారి తెరచి చీమును వెడలించును. పిదప పట్టు వేసి, కట్టు కట్టి, తడి తగులనీయక కాపాడవలెను. మేకు ఇంకను దిగియున్నచో, వైద్యుడు త్వరలో రాగలిగినపుడు దానిని పెరుకక, మరింత లోనికి దిగకుండ కాచుట మేలు; ఎక్స్‌రేలో దాని లోతు, దిశ కనబడును, ఎముకకో కీలుకో తగిలినదీ లేనిదీ తేలును. గుర్రము ధనుర్వాతమునకు మిక్కిలి సులభముగా లోబడును గనుక ఆ టీకాను ఏమరరాదు. నొప్పి తెలియనీయని మందు వేసి అదే సాయంకాలము ఊరేగింపునకు నడిపించుట చికిత్స కాదు, వంచన.

వాద్యములు ఒక్క రాత్రిలో అణగిపోవును, పూలు తెల్లవారునాటికి వాడును, వచ్చిన అద్దె మరునాటి ఖర్చులో కరగును. ఆ రాత్రి చెడిన కాలు మాత్రము అశ్వమును నెలల తరబడి బాధించును. గాయముతోనో రోగముతోనో పనికి తగని జంతువును పనిచేయించుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. చట్టము పుట్టకమునుపే మనస్సాక్షి ఈ మాట చెప్పినది. కుంటు గుర్రమును వెనుకకు పంపి కాలినడకన మండపమునకు చేరిన వరునికి ఏ గౌరవమును తగ్గదు.

ప్రతిదినము నాలుగు కాళ్లను ఎత్తి గాళ్లను శుభ్రపరచుట, పనికి ముందును పిమ్మటను మేకులకై వెదకుట, ఆరు మొదలు ఎనిమిది వారములకొకమారు గిట్టలను చెక్కించి లాడములను సరిచూపించుట యజమాని నిత్యవిధి. గిట్ట నెలకు ఒక సెంటీమీటరు లోపుగనే పెరుగును. మునుభాగము పూర్తిగా క్రొత్తదగుటకు ఇంచుమించు ఏడాది పట్టును. కావున కుంటు కనబడకుండుటతోనే తొందరపడక, గట్టినేలపై నడిపించియు, మలుపులు త్రిప్పియు వైద్యుడు అనుమతించిన పిమ్మటనే అశ్వమునకు మరల జీను వేయవలెను.