గడప దగ్గర అడిగేదేమిటి?

ఆస్పరిలో నాది చిన్న నెట్ సెంటర్. కైరుప్పల నుంచి ఆదోని కాలేజీకి పోయే పాప ఒకామె మొన్న పాత ల్యాప్‌టాప్ తెచ్చింది. నలుగురు నాలుగు ఊళ్లలో ఉండి ఒకే ఫైలు రాసుకునే క్లౌడ్ వేదికలో ప్రాజెక్టు పని. మిషను విండోస్ 7. క్రోమ్ 109 తర్వాత దానికి కొత్తవి రావు. కుకీలు, జావాస్క్రిప్ట్ అన్నీ ఆన్‌లోనే ఉన్నాయి. అయినా బ్రౌజర్ పాతదని చెప్పి పేజీ ఆగింది. "అన్నా, నా పాస్‌వర్డు సరిగ్గానే కొట్టినాను కదా?" అనింది.

ఆ పేజీకి ఉన్నట్టే వేదాంతానికీ గడప ఉంది. బ్రహ్మజిజ్ఞాసకు ముందు వివేకం, వైరాగ్యం, శమదమాదులు, ముముక్షుత్వం కావాలన్నారు శంకరులు. కష్టమైనవే, కానీ సాధనతో వచ్చేవి. అదే శంకరులు అపశూద్రాధికరణ భాష్యంలో పుట్టుకను చూసి శూద్రులకు వేదం తలుపు మూశారు. దాన్ని నేను ఒప్పుకోను. ఆ పాప ఊళ్లో గడప వేరు: ఉగాది మరునాడు కైరుప్పల పిడకల సమరంలో ఊరు పిడకలు విసురుకునే రెండు పక్షాలవుతుంది. చేతిలో పిడక ఉంటే చాలు, వీరభద్రుడి పక్షమో కాళికమ్మ పక్షమో అయిపోతాం.

భద్రత ఉత్త మాట కాదు. మరమ్మతులు ఆగిన బ్రౌజర్‌తో ఒకరి ఖాతా పోతే నలుగురి పనీ పోతుంది. అందుకని షరతే వద్దనను. కానీ కొనగలిగినవాళ్లకే తీరే షరతు, పుట్టుక షరతుకు చాలా దగ్గర. రాయనివ్వకపోయినా చదవనివ్వొచ్చు కదా!

ఆ ల్యాప్‌టాప్‌కు లినక్స్ ఎక్కించి కొత్త ఫైర్‌ఫాక్స్ పెట్టాను. ఫైలు తెరుచుకుంది. ఆ పని తెలిసినవాళ్లు లేని ఊళ్లో పిల్ల ఎవరిని అడగాలి?