ఎవరి పైసలు, ఎవరి హిస్సా?

"మీ పార్టీకి ఉప్పల్‌లో బలం లేదు గదా భాయ్!" నాచారంలో చాయ్ తాగుతూ ఓ పాత దోస్తు అన్నాడు. నా పార్టీ ఏదో నేనతనికి ఏనాడూ చెప్పలేదు. నా పేరే చెప్పేసిందన్నమాట. ఉప్పల్, నాచారం గల్లీల్లో మేం ఇక్కడో ఇల్లు అక్కడో ఇల్లుగా బతుకుతున్నవాళ్ళం. అయినా మా ఓట్లన్నీ చార్మినార్ దగ్గరి ఖాతాలోనే!

మాట బాండ్ల మీదికి పోయింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసిన ఎలక్టోరల్ బాండ్ల ద్వారా బీజేపీకి 6 వేల కోట్లకు పైగా, మన బీఆర్ఎస్‌కు 12 వందల కోట్లకు పైగా ముట్టాయి. "ఈ దందా పోవాలంటే సర్కారే పార్టీలకు పైసలు పంచాలె" అన్నాడు దోస్తు. సబబే. కానీ ఏ లెక్కన?

నిజానికి ప్రజల సొమ్ము ఇప్పటికే పంచుతున్నారు, ఆ పేరు పెట్టలేదంతే. షరతులు పాటించిన పార్టీల ఆదాయానికి పన్ను మినహాయింపు ఉంది. దూరదర్శన్, ఆకాశవాణిలో గుర్తింపు పొందిన పార్టీలకు ఉచిత సమయం ఉంది. కొంత సమానంగా, మిగతాది పోయిన ఎన్నికల ఓట్లను బట్టి. 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ కూడా సాయం వస్తురూపంలో, గుర్తింపు పార్టీలకే ఇమ్మంది. తిన్నవాడికే మళ్ళీ వడ్డన. షిఫ్టు దిగిన కార్మికుడు ఫోన్ రీచార్జ్‌పై కట్టే 18 శాతం జీఎస్టీకి మాత్రం గుర్తింపు ఉన్నదా లేదా అని ఎవరూ అడగరు!

జర్మనీలో ఓటుకు దాదాపు ఒక యూరో చొప్పున ఇస్తారు, చందాలను బట్టి ఇంకొంత. దేశవ్యాప్త ఎన్నికల్లో అర శాతం ఓట్లు వస్తే చాలు. నాకీ లెక్క నచ్చింది. చెల్లాచెదురైన మా ఓట్లు ఎమ్మెల్యేను గెలిపించకపోయినా, ఓ చిన్న పార్టీ ఆఫీసు కిరాయికైనా పనికొస్తాయి. అది ముస్లిం పార్టీయే కానక్కర్లేదు, కార్మికులదైనా సరే.

"మరి నిన్ను తిట్టే పార్టీకీ నీ పన్ను పోతది, ఇస్తవా?"

ఇక్కడే నా గొంతులో చాయ్ అడ్డం పడింది. 2024 జనవరి 23న జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం అక్కడి నయా నాజీ పార్టీకి ఆరేళ్ళపాటు ప్రభుత్వ నిధులు ఆపేసింది. ఆ వార్త చదివి ఖుషీ అయ్యాను, దాచుకోను. రాత్రికి ఆ ఖుషీ దిగింది. అలాంటి చట్టం ఇక్కడ వస్తే 'దేశానికి ప్రమాదం' అనే ముద్ర మొదట ఎవరి మీద పడుతుంది? పేరు చూసి పార్టీ చెప్పే ఊళ్ళో, పేరు చూసి ద్రోహి అనడానికి ఎంతసేపు?

సెక్యులర్ మిత్రులు కొందరు నన్ను పిరికివాడంటారు. కావచ్చు. ద్వేషం చిమ్మిన నోటిపై కేసు పెట్టండి, జైల్లో వెయ్యండి, నేనే సాక్ష్యం చెబుతాను. ఓట్ల లెక్కన వచ్చే హిస్సా మాత్రం కొయ్యొద్దు.

"ఇస్తాను" అన్నాను. దోస్తు నన్ను వింతగా చూశాడు. ఇంతకీ నేను ఎవరికి ఓటేశానో అప్పటికీ అడగలేదు.