పోషకుడూ, మొహమాటమూ

చిన్న పత్రిక ఎవరి డబ్బుతో అచ్చవుతున్నదన్న ప్రశ్నను మనం సాధారణంగా పద్దుల పుస్తకానికి వదిలేస్తాం. రచన విలువ వేరు, కాగితం ఖరీదు వేరు అనుకుంటాం. భౌతికవాదులమని చెప్పుకొనే మనం ఈ ఒక్కచోట మాత్రం పరమ భావవాదులం.

గద్వాల గడ్డమీద ఈ ప్రశ్న కొత్తది కాదు. పండిత సత్కారాల వల్ల ఆ సంస్థానానికి విద్వద్గద్వాల అన్న పేరు వచ్చింది. తిరుపతి వెంకట కవులు అక్కడికీ, ఆత్మకూరుకీ వచ్చారు. ఆ సంభావనలన్నీ రైతు కట్టిన శిస్తులోవే. అందులో మురిసిపోవలసిందేమీ లేదు. అయితే ఒక్క విషయం ఒప్పుకోవాలి. ఆనాటి కవి కృతిభర్త పేరు కావ్యం మొదటనే, వంశవర్ణనతో సహా చెప్పేవాడు. ఎవరి ఉప్పు తిన్నాడో చదివేవాడికి తెలిసేది. మన పత్రికల్లో దాత పేరు చివరి పుటలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒక్కోసారి అదీ ఉండదు.

డబ్బు పుచ్చుకోవటమే పాపమని నేననను. 1842లో కొలోన్ నగరంలో ప్రారంభమైన రైనిషె త్సైటుంగ్ పత్రిక పెట్టుబడి అక్కడి ఉదారవాద వర్తకులది, పారిశ్రామికులది. మార్క్స్ దానికి సంపాదకుడయ్యాడు. అడవిలో పుల్లలేరుకున్నవాళ్ళను దొంగలుగా చూసే చట్టం గురించీ, మోజెల్ లోయలోని ద్రాక్ష రైతుల దుస్థితి గురించీ అందులోనే రాశాడు. 1843లో ప్రష్యా ప్రభుత్వం పత్రికను నిషేధించినప్పుడు, స్వరం కాస్త తగ్గిస్తే బతుకుతుందేమోనని వాటాదారులు ఆశపడ్డారు. మార్చిలో మార్క్స్ తప్పుకున్నాడు.

మన దగ్గర అంత స్పష్టమైన ఘర్షణ రాదు. మన సెన్సారు పేరు మొహమాటం. గద్వాల ప్రాంతంలో పత్తి విత్తనాల సాగు ఉంది. మొగ్గను ఒక్కొక్కటే చేత్తో ఒలిచి పుప్పొడి అద్దవలసిన పని అది. అందులోకి పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను దింపుతున్నారన్న విమర్శ ఏళ్ళ తరబడి ఉన్నదే. కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజరు ఉంటాడు. పెట్టుబడి అప్పు ఆయన ద్వారానే, పరీక్షలో విత్తనం తప్పిందన్న కబురూ ఆయన ద్వారానే. అలాంటి ఆర్గనైజరు ఒకాయన, సాహిత్యాభిమాని, మన పత్రిక వెనక అట్టకు డబ్బిచ్చాడనుకుందాం. ఆయన ఏమీ అడగడు. ఆ సంచికకే ఒక విద్యార్థి విత్తన రైతు మీద కథ పంపుతాడు. దాన్ని ఎవరూ తిరస్కరించరు. శిల్పం ఇంకా కుదరాలి, వచ్చే సంచికకు చూద్దాం అంటారు. శిల్పమన్న మాట ఇన్ని పనులకు ఉపయోగపడుతుందని మనకు ఏ లాక్షణికుడూ చెప్పలేదు!

కనుక అడగవలసిన ప్రశ్న ఇది: ఆ డబ్బు రేపు ఆగిపోతే సంచిక రాగలదా? రాలేకపోతే అది సాయం కాదు, యాజమాన్యం. 1956 నాటి నిబంధనలు మూలధనంలో ఒక శాతానికి మించి వాటా ఉన్నవారి పేర్లు ఏటా ప్రకటించాలన్నాయి. ప్రకటనదారుల జాబితా అడగలేదు. ఎవరు, ఎంత, దేనికి అని లోపలి అట్టమీద వేసే నియమం మనమే పెట్టుకోవచ్చు.

ఇక విజిటింగు కార్డు. ఈ ప్రాంతంవాడే అయిన సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులను అచ్చువేశారు. తెలంగాణాలో కవులు లేరన్న మాటకు అది జవాబు. వాళ్ళలో ఎంతోమందికి ఆ సంచికే గుర్తింపు పత్రం. ఇప్పుడు పత్రిక పేరున్న కార్డు వనపర్తిలోనో నాగర్‌కర్నూలులోనో తహసీలు కచేరీ బల్లమీద పెడితే కుర్చీ వస్తుంది. ఆ కుర్చీ రచయితది కాదు, పాఠకుల నమ్మకానిది. సొంత పట్టా పనికి దాన్ని వాడుకోవటానికీ లంచానికీ ఎంత దూరం?

అదే కార్డు విత్తన చేలో కూలికి ఇస్తే అర్థం మారుతుంది. నీ బతుకు నేను కథగా తీసుకుపోతున్నాను, తప్పు రాస్తే వచ్చి అడుగు, ఇదిగో చిరునామా అని. ఆమెకు చదువు రాకపోతే బడిపిల్ల చదివి చెబుతుంది. ఆ కార్డుమీద కవి, విమర్శకుడు, వక్త అన్న బిరుదులెందుకు? పేరు, పత్రిక చిరునామా, సంపాదకుని ఫోను చాలు. కథకోసం వెళ్ళినవాడు ఆ ఊళ్ళో ప్రకటన అడగకూడదు. నలుగురే నడిపే పత్రికలో ఇది కష్టమే. అప్పుడు ఆ నలుగురూ ఊళ్ళు మార్చుకోవాలి.