దిగకుండా లేచిన విమానం

విశాఖ గోపాలపట్నంలో ఒక కుర్రాడు మేడెక్కి విమానాలు చూస్తూ పెరిగాడు. నేవీ వాళ్ల వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ డేగాకీ, మామూలు ప్రయాణికులకీ అక్కడ రన్‌వే ఒకటే. దగ్గర్లోనే కొండలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఎయిర్‌పోర్టు పైకప్పును చీల్చేసిన ఏడాదే, వాడు పైలట్ చదువుకని హైదరాబాదు బండెక్కాడు.

అక్కడి గురువుకి ఒక మచ్చ ఉండేది. ఎప్పుడో ఒక శిష్యుడి చేతిలో విమానం నేల తాకి బంతిలా ఎగిరిపడుతుంటే, వాడే సర్దుకుంటాడులే అని ఒక క్షణం ఆగాడు. ముందు చక్రం విరిగింది. ప్రాణాలకేం కాలేదు గానీ విచారణ జరిగింది, కొన్నాళ్లు ఎగరనివ్వలేదు. ఇక మానేస్తాడనుకున్నారంతా. మానలేదు. తిరిగొచ్చిన రోజు మొదట ఎక్కించుకున్నది ఆ శిష్యుణ్ణే.

అప్పట్నుంచి కొత్తవాళ్లందరికీ తన తప్పు తనే చెప్పేవాడు. దిగడం వచ్చేలోపే, దిగకుండా లేవడం నేర్పేవాడు: థ్రాటిల్ పూర్తిగా ముందుకి, ముక్కు పైకి, విమానం ఎక్కుతోందని తేలాకే రెక్కల ఫ్లాప్స్ అంచెలంచెలుగా లోపలికి. మన కుర్రాడికి ఒళ్లు మండేది. కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు కావాలి, గంటగంటకీ నాన్న అప్పు చేస్తున్నాడు, ఈయనేమో దిగనివ్వడు!

ఒకరోజు వాడి విమానమూ ఎగిరిపడింది. గురువు చేతులు కంట్రోల్‌కి వేలెడు దూరంలో ఆగాయి. కుర్రాడే థ్రాటిల్ తోసి లేపాడు. కిందికొచ్చాక చూస్తే గురువు చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. మర్నాడు పొద్దున్నే మళ్లీ అదే సీట్లో కూర్చున్నాడు.

ఏళ్లు గడిచాయి. ఒక వానాకాలం సాయంత్రం ఆ కుర్రాడు నిండు విమానంతో విశాఖ వచ్చాడు. కొండల్ని మబ్బు మింగేసింది. నిర్ణయం తీసుకోవాల్సిన ఎత్తుకి వచ్చినా రన్‌వే దీపాలు కనబడలేదు. తటపటాయించకుండా పైకి లేపేశాడు. లోపల ప్రయాణికులు గొణిగారు. గోపాలపట్నంలో మేడమీద బట్టలు తీస్తున్న తల్లి ఆ మోత విని కంగారుపడింది. విమానం హైదరాబాదులో దిగి, మబ్బు విడిచాక అర్ధరాత్రి దాటి తిరిగొచ్చింది.

ఆ గురువు పడ్డ సంగతి దాచుకుని ఉంటే, శిష్యుడికి దిగడమే వచ్చేది. పడ్డాక మళ్లీ అదే సీట్లో కూర్చున్నాడు గనకే, వెనక్కి తగ్గడం నామోషీ కాదని శిష్యుడి చేతికి తెలిసింది. ఈసారి మీ విమానం దిగబోయి మళ్లీ లేస్తే, దయచేసి పైలట్‌ని తిట్టుకోకండి.