స్కేలు జరిపి గీయకు తల్లీ

అమ్మడూ, వృత్తం బయటి బిందువు నుంచి స్పర్శరేఖ గీయమంటే నువ్వు స్కేలును ఆ బిందువు దగ్గర ఆనించి, అటూ ఇటూ జరిపి, వృత్తానికి తగిలిందనిపించగానే గీత లాగేస్తున్నావు. చూడటానికి బొమ్మ బాగానే ఉంటుంది. అయినా అలా గీయకు తల్లీ. ఎందుకో చెబుతాను, విను.

స్పర్శరేఖ వృత్తాన్ని ఒక్క బిందువు దగ్గరే తాకుతుంది. ఛేదన రేఖ రెండు బిందువుల దగ్గర ఖండిస్తుంది. ఈ రెంటికీ తేడా ఒక్కోసారి వెంట్రుకవాసి కూడా ఉండదు. నీ పెన్సిలు గీత మందమే అంతకన్నా ఎక్కువ. కాబట్టి తాకిందో కోసిందో కంటితో తేల్చలేం. తేల్చేది లంబకోణం. స్పర్శబిందువు దగ్గర వ్యాసార్థం స్పర్శరేఖకు లంబంగా ఉంటుంది. కేంద్రం నుంచి రేఖకు లంబమే అతి దగ్గరి దారి. అందుకే ఆ రేఖ మీది మిగతా బిందువులన్నీ వ్యాసార్థం కంటే ఎక్కువ దూరంలో, అంటే వృత్తం బయటే ఉంటాయి. ఈ మాట మనసులో నిలిస్తే నిర్మాణ క్రమం బట్టీ పట్టక్కర్లేదు.

6 సెం.మీ. వ్యాసార్థంతో వృత్తం గియ్యి. కేంద్రం నుంచి 10 సెం.మీ. దూరంలో ఒక బిందువు పెట్టు. మనకు కావాల్సింది వృత్తం మీద లంబకోణం ఏర్పడే చోటు. అర్ధవృత్తంలోని కోణం లంబకోణమని నీకు తెలుసు. అందుకే కేంద్రాన్నీ బిందువునూ కలిపి, లంబసమద్విఖండన రేఖతో మధ్యబిందువు పట్టుకుని, అక్కడి నుంచి 5 సెం.మీ. వ్యాసార్థంతో ఇంకో వృత్తం గీస్తాం. రెండు వృత్తాలూ ఖండించుకునే చోట్లే స్పర్శబిందువులు. కొలిస్తే రెండు స్పర్శరేఖలూ 8 సెం.మీ. రావాలి. యూక్లిడ్ తన జ్యామితి గ్రంథం మూడో భాగంలో వేరే దారి పట్టాడు. అదే కేంద్రంతో, బయటి బిందువు గుండా పోయే పెద్ద వృత్తం గీసి సాధించాడు. అక్కడా ఆధారం లంబకోణమే.

ఛేదన రేఖను మాత్రం చిన్నచూపు చూడకు. గాజు పెట్టి గీసిన వృత్తానికి కేంద్రం తెలియదు. రెండు జ్యాలు గీసి, వాటి లంబసమద్విఖండన రేఖలు కలిసేచోట కేంద్రాన్ని పట్టుకోవచ్చు. కేంద్రం జోలికి పోకుండా ఛేదన రేఖతోనూ పని జరుగుతుంది. బయటి బిందువు నుంచి వృత్తాన్ని ఖండిస్తూ ఒక రేఖ గియ్యి. దగ్గరి ఖండన బిందువు దూరాన్నీ అవతలిదాని దూరాన్నీ గుణిస్తే స్పర్శరేఖ పొడవు వర్గం వస్తుంది. ఇందాకటి వృత్తంలోనే చూడు, కేంద్రం గుండా పోయే రేఖకు 4, 16. గుణిస్తే 64, అంటే 8కి వర్గం. ఇక ఛేదన రేఖను బిందువుకు ఇవతలి వైపు ఆ దగ్గరి దూరమంత పొడిగించు. ఆ కొస నుంచి అవతలి ఖండన బిందువు దాకా వ్యాసంగా అర్ధవృత్తం గీసి, బయటి బిందువు దగ్గర లంబం నిలబెట్టు. అర్ధవృత్తం దాకా ఆ లంబం పొడవే స్పర్శరేఖ పొడవు. దాన్ని కంపాసుతో తీసుకుని బయటి బిందువు నుంచి చాపం వేస్తే స్పర్శబిందువులు దొరుకుతాయి.

ఇదంతా పుస్తకంలోని ముచ్చటే అనుకోకు. మన ఇబ్రహీంపట్నం నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో 1979లో మొదటి యూనిట్ మొదలైంది. అక్కడి పొగగొట్టాన్ని దూరం నుంచి చూడు. నీ కంటి ఎత్తున దాని అడ్డుకోత ఒక వృత్తం. ఎడమ అంచుకూ కుడి అంచుకూ పోయే నీ చూపులు రెండూ ఆ వృత్తానికి స్పర్శరేఖలు. వాటి మధ్య కోణాన్ని సమద్విఖండన చేస్తే ఆ రేఖ సరిగ్గా కేంద్రం గుండా పోతుంది. ఇంకో చోటికి వెళ్లి అదే పని చేస్తే రెండు రేఖలూ కలిసేచోటే కేంద్రం. గేటు దాటకుండానే లోపలి బిందువు దొరికింది! ఇంకో సంగతి. పొగగొట్టం చుట్టుకొలతలో సగం ఎప్పుడూ నీకు కనిపించదు. దూరం 10, వ్యాసార్థం 6 అయితే కనిపించే చాపం సుమారు 106 డిగ్రీలే. వెనక్కి నడిచేకొద్దీ 180కి దగ్గరవుతుంది, చేరదు.

పరీక్షలో ముందు చిత్తుపటం వెయ్యి. పెన్సిలు సన్నగా చెక్కుకో. చాపాలు చెరిపేయకు, నువ్వు నడిచిన దారికి అవే సాక్ష్యం. చివర కొలిచి సరిచూసుకో. కారణం ఒక్క వాక్యమైనా రాయి.

రేపు నువ్వు ఇంజినీరింగు చదివినా, సర్వే పని చేసినా, ‘ఇది తాకిందని ఎలా చెప్పగలవు?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు లంబకోణం చూపించి, ఇందుకూ అని నిబ్బరంగా చెప్పే పిల్లవు కావాలని ఈ తాతయ్య కోరిక. ఇవాళే ఒక గాజు తీసుకో. కేంద్రం పట్టుకుని ఒకసారి, ఛేదన రేఖతో ఇంకోసారి స్పర్శరేఖలు గియ్యి. రెండుసార్ల గీతలూ ఒకదాని మీద ఒకటి పడేదాకా వదలకు తల్లీ.